గుక్క తిప్పుకోని సన్మానపత్రం

రేపల్లెలో ఆ ఎయిడెడ్ హైస్కూల్లో ఉద్యోగం పర్మినెంటు కావాలంటే డిగ్రీ ఉన్నా లేకపోయినా మంచి ఊపిరితిత్తులుండాలి. ఏటా కరస్పాండెంటు శివరామయ్య గారి పుట్టినరోజుకి స్కూలు ఆవరణలో ఆయనకి సన్మానం జరుగుతుంది. ఆ ఏడు పర్మినెంటు కావలసిన టీచరు వేదికెక్కి సన్మానపత్రం చదవాలి. ఒక్కో సంబోధన ఒక్కో గుక్కలో చదవాలి. మధ్యలో ఊపిరి తీసుకుంటే భాష మీద పట్టు లేనట్టు. భాష మీద పట్టు లేనివాళ్ళు లెక్కలు మాత్రం ఏం చెబుతారని తెలుగు పండితుడు నాగభూషణరావు సిద్ధాంతం. ఈ పద్ధతిలో చాలామంది పర్మినెంటయ్యారు. ఒక హిందీ మేష్టారు మాత్రం మూడో సంబోధన నడిమధ్య నీలంగా మారి వేదిక మీదే కూలిపోయాడు. ఆయనకి స్పృహ వచ్చేసరికి ఆయన కుర్చీలో వేరే ఆయన కూర్చుని పిల్లల చేత ఎక్కాలు హిందీలో చెప్పిస్తున్నాడట.

ఎనభై ఎనిమిదిలో ఆ వంతు ప్రేమకుమారికి వచ్చింది. ఆమెది భట్టిప్రోలు. రోజూ ప్యాసింజరు బండిలో వచ్చి ఆరో తరగతికి లెక్కలు చెబుతుంది. టెంపరరీ పోస్టు. శుక్రవారం మధ్యాహ్నం స్టాఫ్‌రూములో అన్నం గిన్నె మూత పెడుతుంటే నాగభూషణరావు నిరుటి సన్మానపత్రం ఒకటి తెచ్చి ఆమె ముందు పరిచాడు.

"సోమవారం నువ్వేగా చదవాల్సింది. ఏదీ, ఒకసారి వినిపించు. గొంతు చూద్దాం."

పక్కన డ్రిల్లు మేష్టారు పౌలు చేపల పులుసు కలుపుకుంటూ ఆగాడు. ఆ స్కూల్లో ఇంతకన్నా వినోదం దొరకదు.

ప్రేమకుమారి మొదటి సంబోధన మీద వేలు పెట్టింది. 'అఖిలాంధ్రదేశవిద్యావ్యాప్తిబద్ధకంకణా!' అని ఉంది. 'అఖిలాంధ్రదేశ' దాకా బాగానే వచ్చింది. 'విద్యావ్యాప్తి' కూడా పట్టుకుంది. 'బద్ధకంకణా' దగ్గరికి వచ్చేసరికి మొదట్లో ఏముందో జారిపోయింది. కొంగు పట్టకుండా ఉత్త చేతుల్తో జామకాయలు ఏరుకున్నట్టు ఉంటుంది ఆమెకి. ఇంకొక కాయ తీసుకుంటే ముందు తీసుకున్నది కింద పడుతుంది. మళ్ళీ వెనక్కి వెళ్ళింది. మళ్ళీ జారింది.

"బద్ధ... కంకణ... అఖిల..."

"బస్సు బోర్డు ఎలా చదువుతావమ్మా నువ్వు?" అన్నాడు నాగభూషణరావు. "నువ్వు చదవడం అయ్యేసరికి బస్సు చెరుకుపల్లి దాటేస్తుంది కదా!"

తనే నవ్వాడు. ఆయన జోకులకి ఆయనే మొదట నవ్వేవాడు, మిగతావాళ్ళకి ఎక్కడ నవ్వాలో తెలియాలి గదా అని.

"చిన్న మాటలైతే బాగానే చదువుతానండి."

"చిన్న మాటలు కాకులు కూడా అంటాయి. మీ ప్రార్థనల్లో పాటలనుకున్నావా ఇది, నలుగురూ కలిసి పాడితే తప్పు కనపడకుండా పోవడానికి? సమాసమమ్మా, సమాసం!" అని పత్రం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "ఈ ఏడు పత్రం కొత్తది. తెనాల్లో అచ్చయింది. ఆదివారం వెళ్ళి ఫ్రేము కట్టించింది పట్టుకొచ్చెయ్. చదివేదీ నువ్వే, మోసేదీ నువ్వే."

"ఒకసారి రాతప్రతి చూపిస్తారా మేష్టారూ?"

"ముందే చూస్తే అది చదవడం ఎలా అవుతుంది? అప్పజెప్పడం అవుతుంది."

ఆయన వెళ్ళాక పౌలు పులుసు చేత్తోనే తల గోక్కోబోయి ఆగాడు. "చెల్లెమ్మా, నీకు అసలు సంగతి తెలుసా? పంతులు గారి ఆవిడ సుబ్బులమ్మ గారి మేనకోడలు చౌడేశ్వరి అని ఒకమ్మాయి ఉంది. బీయెడ్డు. మొన్న వాళ్ళింట్లో విన్నా. ఒక్క గుక్కలో అష్టోత్తరం చదివేసి ఇంకో గుక్కలో మంచినీళ్ళు తాగింది. నువ్వు తడబడితే సోమవారం సాయంత్రానికి నీ కుర్చీలో ఆమె ఉంటుంది."

"నేను లెక్కలు బాగా చెప్పట్లేదా అన్నయ్యా?"

"ఆ సంగతి ఎవరడిగారమ్మా?" అన్నాడు పౌలు జాలిగా.

*

శనివారం ఒంటిపూట బడి కాగానే ఆమె బాపట్ల బస్సెక్కింది. ట్రైనింగులో తనకి సైకాలజీ చెప్పిన మాణిక్యమ్మ మేడం ఇల్లు అక్కడే. మేడం వసారాలో చాప వేసుకుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. అంతా విని, లేవకుండానే పరీక్ష మొదలుపెట్టింది.

"ఏడు, రెండు, తొమ్మిది, నాలుగు. వెనకనుంచి చెప్పు."

"నాలుగు, తొమ్మిది, రెండు... ఏడు."

"ఎనిమిది, మూడు, ఆరు, ఒకటి, అయిదు."

"అయిదు, ఒకటి... మూడు... కాదండి, అయిదు..."

"చాలు. అయిపోయింది పరీక్ష. ఫీజు కింద ఈ చిక్కుళ్ళు నువ్వు కూడా తియ్యి."

ప్రేమకుమారి చీర కుచ్చిళ్ళు సర్దుకుని చాప మీద కూర్చుంది. ఒక కాయ విరిచింది. ఈనె చివరిదాకా రాకుండా తెగింది.

"నాకు తెలివి తక్కువాండీ?"

"తెలివి ఇల్లనుకో. నీలో చిన్నది గుమ్మం. మాట చదవడమంటే ఏంటి? ముందు ముక్కని చేత్తో పట్టుకుని వెనక ముక్క కోసం చూడ్డం. రెండూ కలిస్తేనే మాట. కొందరి బుర్ర ఒకేసారి ఏడెనిమిది ముక్కలు పట్టుకుంటుంది, కొందరి బుర్ర మూడో నాలుగో. నీ గుమ్మంలోంచి సామాను ఒక్కొక్కటే లోపలికి వెళ్తుంది. వెళ్ళాక ఇల్లు ఇల్లే."

"మరి రోజూ పేపరు గబగబా చదివేస్తానుగా మేడం?"

"అది చదవడం కాదే, గుర్తుపట్టడం. మీ అమ్మ ఎదురొస్తే ముక్కూ కళ్ళూ లెక్కపెట్టి మా అమ్మే అనుకుంటావా? చూడగానే తెలుస్తుంది. అలవాటైన మాటలన్నీ అంతే. చేత్తో పట్టుకోనక్కర్లేదు. కొత్తదీ పొడుగుదీ వస్తేనే ముక్కలు కలుపుకోవాలి. ఈ సంగతులు కనిపెట్టిన దొరలు వాళ్ళ పొట్టి మాటలతో కనిపెట్టారు. మీ పండితుడి సమాసం ఒకటి చూపిస్తే వాళ్ళు ఆ పని మానేసి కోళ్ళు పెంచుకునేవాళ్ళు."

ప్రేమకుమారికి నవ్వొచ్చింది. "నాగభూషణరావు గారి గుమ్మం పెద్దదాండీ మరి?"

"సింహద్వారం." మాణిక్యమ్మ పుచ్చిన కాయ ఒకటి ఏరి పారేసింది. "లోపల ఇల్లుందో లేదో నేను చూళ్ళేదు."

"ఏం చెయ్యమంటారు?"

"విరిచి చదువు. ఒక ముక్క అను, ఆగు, అది దిగాక ఇంకో ముక్క."

"విరిస్తే ఉద్యోగం పోద్దండి. గుక్క తిప్పుకోకూడదు."

"అయితే కంఠతా పట్టు."

"రేపటిదాకా పత్రం నా చేతికి రాదండి."

మాణిక్యమ్మ మేడం చాలాసేపు ఈనెలు తీసింది. "నేను సైకాలజీ చెప్పేదాన్నమ్మా, మంత్రాలేసేదాన్ని కాదు," అంది చివరికి. "అన్నం తిని పడుకో. పొద్దున్నే బండుంది."

*

తెనాల్లో ఫ్రేముల కొట్టు యలమంద సన్మానపత్రాన్ని రెండు చేతుల్తో ఎత్తి కౌంటరు మీద పెట్టాడు. అది పత్రంలా లేదు, ఎవరింటికో పెట్టాల్సిన కిటికీ పొరపాటున ఇక్కడికి వచ్చినట్టుంది. చుట్టూ బంగారురంగు ద్రాక్షగుత్తులు. నాలుగు మూలలా నాలుగు ఏనుగులు. మధ్యలో మిగిలిన కాస్త చోటులో శివరామయ్య గారి గుణాలు.

"గుణాలు పట్టట్లేదని అచ్చు చిన్నది చేశారండి," అన్నాడు యలమంద. "ద్రాక్షలు మాత్రం తగ్గించొద్దన్నారు."

రేపల్లె ప్యాసింజర్లో ఆమె దాన్ని ఒళ్ళో నిలబెట్టుకుని కూర్చుంది. చదవబోతే ఒక్కొక్కటి రైలుపెట్టెకి తక్కువ లేదు. 'విజ్ఞానశాస్త్రప్రయోగశాలానిర్మాణధురంధరా!' 'పిపాసార్తవిద్యార్థిజనదాహనివారణవరుణదేవా!' కాయితం మీద పెన్సిలుతో గీతలు గీద్దామంటే అద్దం అడ్డం. కాసేపు ఆలోచించి సంచీలోంచి కాటుక డబ్బీ తీసింది. అగ్గిపుల్ల కొనతో కాటుక తీసి, మాట ఎక్కడ విరగాలో అక్కడ అద్దం మీద సన్నగా గీత పెట్టడం మొదలుపెట్టింది. బండి కుదుపుకి ఒక గీత ఏనుగు తొండం మీద పడింది. కొంగుతో తుడిచి మళ్ళీ పెట్టింది.

ఎదుటి బల్ల మీద చేపల తట్ట పెట్టుకున్నావిడ వేమూరు నుంచీ చూస్తోంది. "అద్దానికి కాటుక పెడతన్నావేంటమ్మా?"

"దిష్టి తగలకుండానండి."

"ఎవరికి?"

"మా కరస్పాండెంటు గారికి."

"మా ఆయనకీ పెట్టాలి," అందావిడ. "ఊరకనే పడిపోతన్నాడు సాయంత్రమయ్యేసరికి."

ఇంటికి రాగానే గోడకి ఆనించి చదవడానికి కూర్చుంది. తల్లి పున్నమ్మ గుమ్మంలో కాళ్ళు కడుక్కుంటోంది. ఆదివారం ప్రార్థనకి రాలేదని అప్పటికే ఒక విడత తిట్టడం అయింది. గీతల దగ్గర ఆగుతూ చదివితే మాట మొత్తం వచ్చేది. గుక్క తిప్పకుండా చదివితే తోకదాకా పోయి అక్కడ చిక్కుకునేది. ఆమె రెండూ మార్చి మార్చి చదివింది.

"గబగబా చదివినప్పుడు పురుగులమందు పేరు లాగుందే," అంది పున్నమ్మ మొహం తుడుచుకుంటూ. "ఆగి ఆగి చదివితే మాత్రం నాకూ తెలుస్తంది. ఎవురో నీళ్ళ దేవుడి గురించి గదా?"

ప్రేమకుమారి చీకటి పడేదాకా ఒకే గుక్కలో పడే దారి కోసం వెతుకుతూనే ఉంది. సంబోధనలన్నిట్లో ఒక్కటి మాత్రం కుదిరింది. అది 'ఆర్యా!'

*

సోమవారం ఆవరణలో షామియానా వేశారు. పిల్లల్ని తొమ్మిదింటి నుంచీ ఎండలో బారులుగా కూర్చోబెట్టారు, కరస్పాండెంటు గారు పదకొండింటికి వస్తారు గనక. మొదటి వరసలో పట్టుచీర కట్టుకుని చౌడేశ్వరి కూర్చుంది. ఆమె చేతిలో యాలక్కాయల పొట్లం ఉంది. గొంతు తడి ఆరకుండా ఒక్కొక్కటే బుగ్గన పెట్టుకుంటోంది.

నాగభూషణరావు వేదిక మీద ఫ్రేముని వెలుతురుకి తిప్పి చూశాడు. కాటుక గీతలు కనిపించాయి. ఒక్క క్షణం ప్రేమకుమారి వైపు చూసి, భుజం మీది కండువా తీశాడు.

"దుమ్ము పట్టిందమ్మా," అని ఆ మూల నుంచి ఈ మూలకి శుభ్రంగా తుడిచాడు. నోటితో ఆవిరి ఊది మరీ తుడిచాడు. ఆయన ఇంట్లో కళ్ళజోడు కూడా అంత శ్రద్ధగా తుడిచి ఉండడు. "ఇప్పుడు చూడు, ఎంత తళతళలాడుతోందో!"



శివరామయ్య గారు వచ్చారు. దండలు పడ్డాయి. హెడ్మాస్టరు మాట్లాడాడు, హెడ్మాస్టరు మాట్లాడినదాని గురించి నాగభూషణరావు మాట్లాడాడు. తర్వాత సన్మానపత్రం అన్నారు. ఆ మాట వినగానే శివరామయ్య గారు కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నారు. ఏటా ఆయన చేసేది అదే. జనం దాన్ని వినయం అనుకునేవారు. పత్రం సాగినంతసేపూ ఆయన హాయిగా నిద్రపోయి, చప్పట్లకి లేచి నమస్కారం పెట్టేవారు.

ప్రేమకుమారి ఫ్రేము అందుకుని బల్ల మీద నిలబెట్టింది. ఫ్రేము అంచు మీదుగా చౌడేశ్వరి యాలక్కాయ నములుతున్న దవడ కనిపించింది. అద్దంలో షామియానా, షామియానా చిరుగుల్లోంచి ఆకాశం కనిపించాయి. వాటి వెనక ఎక్కడో అక్షరాలున్నాయి. మొదటి 'ఆర్యా!' గుక్కలో వచ్చింది. రెండోది సగానికి వెళ్ళి చెదిరింది. వెనక్కి వెళ్ళింది. మళ్ళీ చెదిరింది. పిల్లల్లో గుసగుస మొదలైంది. నాగభూషణరావు కుర్చీ అంచుకి జరిగి చౌడేశ్వరికి కనుబొమ్మతో సైగ చేశాడు. చౌడేశ్వరి లేచి కుచ్చిళ్ళు సర్దుకుంది.

ప్రేమకుమారి ఎడమ అరచెయ్యి అద్దం మీద పెట్టింది. మాటలో మొదటి ముక్క తప్ప మిగతాదంతా చేతి కింద మూసేసింది. పోయే ఉద్యోగం ఎలాగూ పోతుంది, చదవడమైనా సరిగ్గా చదువుదామనుకుంది. ఆ ముక్క అంది. చెయ్యి జరిపింది. ఊపిరి తీసుకుంది.

"విజ్ఞాన శాస్త్ర... ప్రయోగశాలా... నిర్మాణ... ధురంధరా!"

గుసగుస ఆగిపోయింది. పిల్లలు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. ప్రయోగశాల అని బోర్డున్న గదిలో శివరామయ్య గారి మిల్లు తవుడు బస్తాలున్నాయి. ఆ గదిలో ఇప్పటిదాకా జరిగిన ప్రయోగాలల్లా ఎలుకలు చేసినవే. ఎనిమిదో తరగతి వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు.

వేదిక మీద శివరామయ్య గారు ఒక కన్ను తెరిచారు. ఏకధాటిగా సాగే చదువు జోలపాటలా ఉంటుంది, నిద్ర పడుతుంది. ఇది ఆగి ఆగి ఎవరో తలుపు కొడుతున్నట్టుంది. ఆయన రెండో కన్ను కూడా తెరవాల్సి వచ్చింది.

"పిపాస... ఆర్త... విద్యార్థి జన..." అరచెయ్యి మెల్లగా జరిగింది. "దాహ... నివారణ... వరుణ దేవా!"

"ఆగమ్మాయ్," అన్నారు శివరామయ్య గారు. "అంటే ఏంటది?"

ప్రేమకుమారి చెయ్యి అద్దం మీదే ఉంది. "వరుణదేవుడంటే నీళ్ళ దేవుడండి. దాహం వేసిన పిల్లలకి నీళ్ళిచ్చారటండి."

"ఎవరు?"

"మీరేనండి."

"నేనా? ఎక్కడిచ్చాను?"

ఆమె ఆలోచించింది. ఆవరణ మూల నీళ్ళ ట్యాంకుకి శంకుస్థాపన చేసిన రాయి ఉంది. ట్యాంకు ఇంకా రాలేదు. పిల్లలు ఎదురుగా కాఫీ హోటల్లో అడుక్కుని తాగుతారు.

"అది పత్రంలో లేదండి. పంతులు గారిని అడగాలండి."

ముందు పిల్లలు నవ్వారు, తర్వాత వాళ్ళ వెనక నిలబడ్డ తల్లిదండ్రులు. చివరికి ఎవరూ చూడట్లేదనుకుని హెడ్మాస్టరు కూడా. పౌలు విజిల్ నోట్లో పెట్టుకున్నాడు, నవ్వొస్తే బయటికి రాకుండా. అది విజిలై మోగింది. శివరామయ్య గారు నాగభూషణరావు వైపు తిరిగారు. అప్పటికి ఆ పండితుడి కండువా మీద కాటుక కన్నా చెమట ఎక్కువ ఉంది.

"ఏటా ఇవేనా పంతులూ మీరు రాసేది?"

"కవి సమయం... అలంకార శాస్త్రంలో అతిశయోక్తి అని..."

"నేను నీళ్ళిచ్చానని మైకులో చదివిస్తున్నారు. నాకు చెప్పరేంటి? తెలిస్తే ఇచ్చేవాణ్ణి కదా!"

ఇందులో గొప్పతనం ఏమీ లేదు. ఊరందరి ముందూ ఒక విశేషణం ఊడిపోవడం కన్నా కుళాయి పెట్టించడం తేలికని ఆయన లెక్క. తూకంలో వడ్లకి తరుగు తీసే మనిషికి ఆ మాత్రం లెక్క వస్తుంది. అక్కడికక్కడే ట్యాంకు కట్టిస్తానని మైకులో చెప్పారు. బస్తాలు తీయించేస్తానన్నారు. వాటిని ఎక్కడ పెట్టాలో తెలియక కాసేపు ఆగి, స్టాఫ్‌రూములో పెట్టించమన్నారు.

"ఈ అమ్మాయి పర్మినెంటేనా?"

"అది... గుక్క తిప్పుకుందండి," అన్నాడు నాగభూషణరావు నీరసంగా. "నియమం ప్రకారం..."

"ఇన్నేళ్ళలో నన్ను నిద్రపోనివ్వని మొదటి మనిషి," అన్నారు శివరామయ్య గారు. ఆయన దాన్ని పొగడ్తగా అన్నారో ఫిర్యాదుగా అన్నారో ఎవరికీ తెలియలేదు. "ఆర్డరు టైపు చెయ్యండి. ఇక మీదట మా ఇంటివాళ్ళ పత్రాలన్నీ ఈ అమ్మాయే చదవాలి. ఇలాగే చదవాలి. నా మీద ఏం రాస్తున్నారో నాకూ తెలియాలిగా!"

చౌడేశ్వరి ఇంకా నిలబడే ఉంది. పొట్లంలో మిగిలిన యాలక్కాయలన్నీ ఒకేసారి నోట్లో వేసుకుని కూర్చుంది.

*

గురువారం మధ్యాహ్నం స్టాఫ్‌రూములో తవుడు బస్తాల మధ్య దారి చేసుకుంటూ నాగభూషణరావు వచ్చాడు. ప్రేమకుమారి ఒక బస్తా మీద స్లిప్ టెస్టు కాయితాలు పరుచుకుని దిద్దుతోంది. ఆయన కూర్చోవడానికి చోటు వెతికి, దొరక్క, నిలబడ్డాడు.

"శివరామయ్య గారి బావమరిదికి షష్టిపూర్తి. పత్రం కావాలిట," అని ఒక కాయితం ఆమె ముందు పెట్టాడు. "అచ్చుకి పంపే ముందు నీకు చూపించమన్నారు."

రాతప్రతి అడిగితే శుక్రవారం చూపించనన్న మనిషి ఆ కాయితాన్ని రెండు చేతుల్తో ఇచ్చాడు. ప్రేమకుమారి చూసింది. ఇటు తిప్పింది, అటు తిప్పింది. అంతా కలిపి నాలుగు లైన్లుంది. ఒక్క సమాసం లేదు.

"ఇంతేనా మేష్టారూ?"

"ఆయన పేరు రాశాను. ఊరు రాశాను. భార్యా పిల్లలున్నారని రాశాను. అరవై ఏళ్ళు నిండాయని రాశాను." ఆయన గొంతులో ఎప్పుడూ ఉండే ఆ మోత లేదు. "దానకర్ణా అని మొదలుపెట్టాను. నువ్వు ఆగి ఆగి అంటుంటే ఎలా వినపడుతుందో అనుకుని కొట్టేశాను. ధర్మమూర్తీ అన్నాను. అదీ కొట్టేశాను. రాత్రంతా కూర్చున్నా. నువ్వు చదివేటట్టయితే ఆ మనిషి గురించి రాయడానికి ఇంకేం మిగల్లేదమ్మా."

పౌలు తవుడు దులుపుకుంటూ దగ్గాడు.

ప్రేమకుమారి నాలుగు లైన్లూ మళ్ళీ నెమ్మదిగా చదువుకుంది. చివరి లైను మీద వేలు ఆపింది.

"అరవై ఏళ్ళు నిండాయన్నది కనుక్కునే రాశారా మేష్టారూ?"

నాగభూషణరావు కాయితం వెనక్కి తీసుకున్నాడు. దాని వంక కాసేపు చూశాడు. తర్వాత జేబులోంచి కలం తీసి, కాయితాన్ని తవుడు బస్తాకి ఆనించి, ఆ లైను కొట్టేశాడు.